ఉస్తాద్ ఆడిన దేశాలు

ఆ ఎండాకాలం మా నాయిన ఇంటి ముందు గోడకు ఎన్నిసార్లు సున్నం వేశాడో చెప్పలేను. పొద్దున తలుపు తీసేసరికి గోడమీద తారుతో రాసి ఉండేది: ‘నాన్ ముల్కీ గో బ్యాక్’. నాయిన బకెట్లో సున్నం కలుపుకొని, కుంచె తీసుకొని, ఎండ ముదరకముందే గోడంతా తెల్లగా చేసేవాడు. తారుమీద సున్నం నిలవదు. మధ్యాహ్నానికి ఎండిపోయి, ఆ అక్షరాలు బూడిదరంగులో మళ్లీ పైకి తేలేవి. అయినా మర్నాడు మళ్లీ వేసేవాడు.

"మావయ్యగారూ, మీరు కూర్చోండి. నేను వేస్తాను" అని మా ఆయన కుంచె అందుకోబోయేవారు.

"నువ్వు లోపటికి పో పంతులూ. బైట నిలవడకు" అనేవాడు నాయిన.

డోర్నకల్ స్టేషన్ వెనుక పెంకుటింట్లో మేం నలుగురం. నాయిన కైలాసం, మా ఆయన పూర్ణచంద్రరావు, మా పాప ప్రసన్న, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా ఆయనది బందరు. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో మానుకోట బడికి లెక్కల మాస్టరుగా వచ్చారు. డోర్నకల్ జంక్షన్ కాబట్టి తమ ఊరివైపు పోయే బండ్లన్నీ ఆగుతాయని మా ముందుగది అద్దెకు తీసుకున్నారు. రోజూ పాసింజర్లో బడికి వెళ్లి, సాయంత్రం వచ్చి నాయిన పక్కన అరుగుమీద కూర్చునేవారు. నాయిన చెప్పే కబుర్లు వింటూ వింటూ ఆ ఇంటి అల్లుడయ్యారు. వాళ్లు ఎవరు, మనం ఎవరు, కులమైనా అడగవా అని చుట్టాలు నిలదీస్తే, "బంతి ఆడేటప్పుడు ఎన్నడన్న అడిగిన్నా?" అన్నాడట నాయిన.

నాన్ ముల్కీ అంటే ఈ ప్రాంతంవాడు కానివాడు. మా నలుగురిలో ఆ మాట తగిలేది ఒక్కరికే. కానీ గోడ అందరిదీ కదా.

గొడవ పాల్వంచ దిక్కున మొదలై రైలుమీదే మా ఊరికి వచ్చింది. ఇక్కడి నౌకరీలు ఇక్కడివాళ్లకే అని పెద్దలు చేసుకున్న ఒప్పందం ఒప్పందంగానే మిగిలిపోయిందని, చదువుకున్న పిల్లలు గాలికి తిరుగుతున్నారని, వేరే రాష్ట్రం తప్ప దారి లేదని ఊళ్లన్నీ లేచాయి. బడులు మూతపడ్డాయి. పరీక్షలు లేవు. రైళ్లు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. మా ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, వెళ్లడానికి బడి లేక ముందుగదిలో కూర్చునేవారు. ఆ చొక్కా సాయంత్రం విప్పి మడతపెట్టేటప్పుడు నలిగి ఉండేది కాదు.

ఆయన అలా కూర్చోగలిగినా, ఊళ్లో ఒక్కరూ ఇంటిమీదికి రాకపోయినా నాయినే కారణం. ఊరంతా నాయినను ఉస్తాద్ అంటుంది. ఆ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

నాయిన లోకం చూసింది బంతి వెనుక పరుగెత్తుకుంటూ. మీసాలు రాకముందే ఇక్కడి ఇంజన్ షెడ్డులో బూడిద తోడే పనికి కుదిరాడు. ఆదివారాలు దొర డ్రైవర్లు, గార్డులు షెడ్డు వెనుక బయల్లో ఫుట్‌బాల్ ఆడేవారు. ముళ్లకంపలో పడ్డ బంతిని తెచ్చి ఇవ్వడం ఈయన పని. ఒకనాడు ఒక గార్డు బండి ఆలస్యమైంది. మనిషి తక్కువయ్యాడని నాయినను తెచ్చి కుడి అంచున నిలబెట్టారు. కాళ్లకు ఏమీ లేవు. ఆట ఏమిటో తెలియదు.

"బంతి నాకాడికొచ్చింది. నేను ఉరికిన. గంతే" అనేవాడు.

ఆ రోజునుంచి ఆయన చోటు అదే. రైటౌట్. ఆ ఉరుకుడు చూసి లాలాగూడ రైల్వే జట్టులోకి తీసుకున్నారు. బూట్లు తొడిగిన సోల్జర్లమీద వట్టికాళ్లతో ఆడాడు. మొదటి యుద్ధం వచ్చింది. ఎడారిలో రైళ్లు నడపడానికి మనుషులు కావాలంటే బస్రా పోయాడు. పగలంతా పట్టాలు, పొద్దు వాలితే ఇసుకలో ఆట. అక్కడ ఆయన ఆట చూసి మురిసిన ఒక ఇంజనీరు, యుద్ధం అయిపోయాక రంగూన్ తీసుకుపోయి రేవు కార్ఖానాలో పెట్టుకున్నాడు. పేరుకు ఫిట్టరు. అసలు పని ఆట. అక్కడ ఆట వానకాలంలోనేనట. బురదలో జారుకుంటూ వీళ్లు ఆడుతుంటే, చుట్టూ గొడుగులు పట్టుకొని జనం గంటల తరబడి నిలబడేవారట. ఆ జట్టుతో ఓడెక్కి పినాంగులో, సింగపూర్లో ఆడాడు. ఒక ఏడు ఇంకో కంపెనీ పిలిస్తే కొలంబో పోయి, అక్కడి ఉప్పుగాలి పడక మళ్లీ రంగూనే చేరాడు. బస్రాలో కైల్ అన్నారు, రంగూన్‌లో కో కైలా అన్నారు, కొలంబోలో కెల్లీ అన్నారు. డోర్నకల్ తిరిగి వచ్చాకే ఆయన మళ్లీ కైలాసం అయ్యాడు. ఎందుకు తిరిగొచ్చావని ఎవరు అడిగినా పంచె పైకి లాగి దెబ్బతిన్న మోకాలు చూపించేవాడు. నేనూ అదే నమ్మాను.

వచ్చి మళ్లీ అదే షెడ్డులో ఖలాసీగా చేరాడు. ఆలస్యంగా పెళ్లి చేసుకున్నాడు. నేను పుట్టాను. సాయంత్రం పూట ఊరి పిల్లలకు ఆట నేర్పాడు. రైల్వే వాళ్ల పిల్లలు, కోమట్ల పిల్లలు, చర్చి హాస్టల్ పిల్లలు, తండాల పిల్లలు, ఎవరొచ్చినా సరే. ఇప్పుడు జెండాలు పట్టుకొని తిరుగుతున్న వాళ్లలో సగంమంది ఆయన చేత చెవులు పిండించుకున్నవాళ్లే.

* * *

మే నెలలో ఒకరోజు ఆడవాళ్ల ఊరేగింపు మా వీధిలోంచి వచ్చింది. ముందు వరసలో నాతో చదువుకున్న సుగుణ ఉంది. మా గుమ్మం దగ్గర ఆగి చెయ్యి చాచింది.

"రా వనమాలా, గడప దిగు."

నేను దిగలేదు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి ఆమె రెండోసారి అడగలేదు. కానీ ఒక మాట చెప్పాలి. వాళ్లు ‘జై తెలంగాణ’ అంటుంటే నా పెదాలు కదిలాయి. పెళ్లయ్యాక మొదటి ఉగాదికి బందరులో ఉన్నన్ని రోజులూ మా అత్తగారు నన్ను వంటింట్లో నిలబెట్టి, "ఏదీ, ‘ఉప్పు ఎక్కువయింది’ అని మీ యాసలో చెప్పు" అని ఇరుగుపొరుగును పిలిచి చెప్పించుకునేది. వాళ్లు కడుపుబ్బ నవ్వేవారు. చెడ్డ మనిషి కాదు. ఆమెకది సరదా. ఆ ఉగాదినుంచి నేను బందరు వెళ్లినప్పుడల్లా నోరు తక్కువ తెరిచేదాన్ని. ఊరేగింపులో వాళ్లు గొంతెత్తి అరుస్తుంటే, గడపమీద నిలబడి, బయటికి వినపడకుండా నేనూ అన్నాను.

సరిగ్గా అప్పుడే వెనుకనుంచి ఎవరో రాయి విసిరారు. అది మా పెంకుల మీద పడింది. పెంకు పగిలి లోపల మంచం మీద ముక్కలు రాలాయి. ప్రసన్న అప్పుడే నీళ్లు తాగడానికి లేచి వెళ్లింది కాబట్టి సరిపోయింది.

సుగుణ వెనక్కి తిరిగి, "ఎవడ్రా వాడు?" అని అరిచింది. ఊరేగింపు సాగిపోయింది. నేను లోపలికొచ్చి పెంకుముక్కలు ఏరుతుంటే మా ఆయన వచ్చి నా పక్కన కూర్చొని తానూ ఏరడం మొదలుపెట్టారు.

* * *

ఆ తరువాత రెండు మూడు రోజులకు తుల్సీరాం వచ్చాడు. ఎర్రటి ఎండలో, తలకు తువ్వాలు చుట్టుకొని.

తుల్సీరాంది కురవి దారిలో తండా. వాళ్ల బాపు ధన్‌సింగ్ పట్టాల మీద గ్యాంగు మనిషి. మా నాయిన చేతిలో తయారైన వాళ్లలో అందరికన్నా మంచి ఆటగాడు. మా ఆయన చేతిలో తయారైన వాళ్లలోనూ అంతే. లెక్కల్లో తప్పినవాణ్ని ఇదే అరుగుమీద కూర్చోబెట్టి రోజూ చెప్పి పాస్ చేయించారు. తండాలో మొదటి బి.ఏ. వాడు. ఇప్పుడు ఊళ్లో ఉద్యమం నడిపేది కూడా వాడే.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సార్, మీరు కొన్నాళ్లు మీ ఊరికి పోతె మంచిగుంటది."

"ఎన్నాళ్లు తుల్సీరాం?"

"తెల్వదు సార్."

"నేనేం తప్పు చేశాను?"

"మీరేం చెయ్యలె సార్. మీరు చెప్పబట్టే నాకు లెక్కలొచ్చినయ్. గని బడిల ఆ కుర్చీ మాది సార్."

మా ఆయన కాసేపు చేతులవైపు చూసుకున్నారు. "బి.ఏ. అయిందని విన్నాను. ఏం చేస్తున్నావు ఇప్పుడు?" అన్నారు.

"మా బాపుతోని గ్యాంగుల పోతున్న. సమ్మెట కొడుతున్న" అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. "తండాల పోరగాళ్లు నన్ను అడుగుతున్నరు సార్. నువ్వు సదివి ఏం జేసినవే అన్నా, మేం సదివి ఏం జెయ్యాలె అని. నేనేం చెప్పాలె వాళ్లకు?"

పిల్లవాడు ఏ లెక్క అడిగినా బలపం తీసుకొని లేచే మనిషి మా ఆయన. ఆ రోజు కూర్చున్నచోటినుంచి లేవలేదు.

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. "గోడమీద రాసేది నువ్వేనా?" అని అడిగాను.

"కాదక్కా. రాయొద్దని చెప్పిన. ఇయ్యాలటి వరకు నా మాట జరంత ఇంటున్నరు. రేపు ఇంటరో ఇనరో నాకే తెల్వదు. వరంగల్ నుంచి, ఖమ్మం నుంచి కొత్తోళ్లు వస్తున్నరు. గందుకే వచ్చిన."

మజ్జిగ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. నాయిన ఇదంతా వెనుకగదిలోంచి విన్నాడు. బయటికి రాలేదు.

నేనే వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"నాయినా, అందరు నీ పోరగాళ్లే గద. నువ్వొక్క మాట చెప్తె ఇంటరు. జర పోయి చెప్పరాదే."

"ఇంటరంటవా?"

"నీ మాట కాకుంటె ఎవరి మాట ఇంటరు?"

నా నమ్మకం చూసి జాలిపడ్డాడో ఏమో. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

* * *

షెడ్డు వెనుక బయల్లో ఆ రోజుల్లో ఆట లేదు. సాయంత్రం పూట మీటింగులు అక్కడే. నేను ప్రసన్నను ఎత్తుకొని పాత స్లీపర్ల కంచె దగ్గర ఆగిపోయాను. నాయిన ఒక్కడే లోపలికి నడిచాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఎవడో తువ్వాలుతో రాయి దులిపి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు.

"పంతులు నా అల్లుడు" అన్నాడు. "ఈడికొచ్చి పన్నెండేండ్లాయె. మీలో ఎంతమందికి సదువు చెప్పిండో మీకే ఎరుక. వాని జోలికి పోకుండ్రి. నేను అడుగుతున్న."

వెనుకనుంచి ఒకడు, నెమ్మదిగానే అన్నాడు.

"ఉస్తాద్, నీ అల్లుడని ఇడిస్తిమంటె, రేపు ఇంకోడు నా బావ అంటడు. ఇంకోడు నా దోస్తు అంటడు. గిట్ల ఎంతమందిని ఇడువాలె?"

నాయిన తుల్సీరాం వైపు చూశాడు. తుల్సీరాం లేచి దగ్గరికొచ్చాడు.

"ఉస్తాద్, ఒకటడుగుత, కోపానికి రాకు. నువ్వు గిన్ని దేశాల్ల ఆడినవ్. గోల్‌లు కొట్టినవ్. యాడనన్న నిన్ను కెప్టెన్ జేసిండ్రా?"

"లేదు."

"ఎందుకు జెయ్యలె?"

"పరాయోన్నని."

"నువ్వు పరాయి దేశంల పరాయోడివి. మేం మా గడ్డమీదనే పరాయోళ్లమైనం ఉస్తాద్. మా బడిల మాకు కుర్చీ లేదు. మా మాట మాట్లాడితె మాకే నవ్వుతరు. నువ్వే చెప్పు, ఏం జెయ్యాల్నో. నువ్వు చెప్పినట్టే జేస్తం."

నేను కంచె పట్టుకొని నిలబడ్డాను. నాయిన ఏదో ఒకటి అంటాడని, గట్టిగా కసురుతాడని చూశాను. ఆటలో ఎవడైనా తప్పు చేస్తే బయలు దద్దరిల్లేలా కేకలేసే మనిషి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు.

"నువ్వన్నది నిజమే బిడ్డా" అని, వెనక్కి తిరిగాడు.

అందరూ ముందుకొచ్చి వరసగా ఆయన కాళ్లకు మొక్కారు. ఒక్కడూ మాట మాత్రం ఇవ్వలేదు.

* * *

ఇంటికి వస్తూనే మా ఆయనతో అన్నాడు:

"పంతులూ, సామాను సర్దు."

మా ఆయన తలెత్తారు. నేను చంకలో పిల్లను దింపేశాను.

"ఏందే నాయినా? నువ్వు గూడ పొమ్మంటున్నవా?"

"అన్న. నేనే అంటున్న. మంచిగ చెప్పినన్ని దినాలే పోవాలె. తర్వాత చెప్పరు."

"ఎవరో నాలుగు మాటలన్నరని ఇల్లిడిసి పోతమా? నువ్వు పుట్టిన ఊరు, నేను పుట్టిన ఊరు. వాళ్లు సల్లవడుతరు. జర ఆగుదం."

"నేను గూడ గట్లనే ఆగిన" అన్నాడు.

అరుగు చివర కూర్చున్నాడు. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. స్టేషన్లో ఇంజన్ ఒకటి ఊరికే ఆవిరి వదులుతోంది. నాయిన మా ఇద్దరి ముఖాలూ చూడకుండా, వీధివైపు చూస్తూ చెప్పాడు.

"రంగూన్ల రేవు మీద మూటలు మోసేటోళ్లు మన తెలుగోళ్లు. ఒకపారి సమ్మె జేసిండ్రు. దొరలేం జేసిండ్రు, వాళ్ల తావుల బర్మోళ్లను పెట్టుకున్నరు. సమ్మె ఒడిసింది. మనోళ్లు మళ్ల పనికొచ్చిండ్రు. బర్మోళ్లను ఇగ పొమ్మన్నరు. వాళ్ల ఊరు, వాళ్ల రేవు, వాళ్లనే పొమ్మన్నరు. ఎవ్వడు ఊకుంటడు? కత్తులు లేసినయ్.

"మా టీంల గోల్ కీపర్ బా టిన్ అని ఉండె. వాడు ఇంటికొచ్చి చెప్పిండు. కైలా, కొన్నాళ్లు పోయి రా, సల్లవడ్డంక వద్దువు అని. మంచిగనే చెప్పిండు, ఇయ్యాల తుల్సీరాం చెప్పినట్టే. నేను నవ్విన. మొన్ననే గదరా నన్ను భుజాల మీద మోసిండ్రు, నన్నెవడు అంటడు అన్న. ఆగిన."

మా ఆయన మెల్లగా, "తరవాత ఏమైంది మావయ్యగారూ?" అన్నారు.

"నాకు ఆడ ఇల్లున్నది పంతులూ. ఖిన్ మే అని, బర్మా పిల్ల. ఒక బిడ్డ. అప్పుడప్పుడే అడుగులేస్తున్నది."

నాకు మొదట అర్థం కాలేదు. నా కన్నా పెద్దది, నాయినకు ఇంకో కూతురు.

"నేను ఆగవడితి గద. గొడవ మా గల్లీల దాకా వచ్చింది. ఖిన్ మే అన్నలు వచ్చి ఆమెను, పిల్లను తోలుకపోయిండ్రు. వాళ్లది తప్పు గాదు. నా ఇంట్ల ఉంటె ఆమెను గూడ బతుకనియ్యరు. రెండు దినాలు ముందుగాల బయలెల్లితె ముగ్గురం ఓడెక్కుతుంటిమి. నేనొక్కన్నే ఎక్కిన."

"మల్ల పోలేదా?" అన్నాను.

"పోయిన. గొడవ సల్లవడ్డంక పోయిన. ఆ ఇంట్ల వేరేటోళ్లున్నరు. ఊరు ఇడిసి ఎటో పోయిండ్రన్నరు. బా టిన్‌ను అడిగితె వాడు గూడ తెల్వదన్నడు. తెలిసి చెప్పలేదో, నిజంగనే తెల్వదో. రేవుల కొన్నాళ్లు తిరిగి వచ్చేసిన."

అప్పుడు నావైపు తిరిగాడు.

"మీ అమ్మకు గూడ చెప్పలె. నీకు గూడ చెప్పకపోయెటోన్ని. నువ్వు ఆగుదం అంటున్నవ్ గద, గందుకు చెప్పిన. పోండ్రి. ముగ్గురు కలిసి పోండ్రి."

"మరి నువ్వు?"

నేనడిగింది బతిమాలడానికి కాదు. ఆ ముసలాయన డెబ్బై దాటాక ఊరు కదలడని నాకు తెలుసు. షెడ్డు కూత వినకపోతే ఆయనకు అన్నం దిగదు. ఆయన కాసేపు మోకాలు రాసుకున్నాడు.

"నేను గూడ వస్త. ఒక బిడ్డను ఇడిశిపెట్టిన. ఇంకోసారి నాతోని కాదు."

* * *

విజయవాడ పాసింజరు నడిచిన రోజు చూసుకొని బయలుదేరాం. రిక్షావాళ్లు ఎవరూ రాలేదు. ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టలు ఎలా మోయాలా అని చూస్తుంటే తుల్సీరాం నలుగురు కుర్రాళ్లతో వచ్చాడు. పెద్ద ట్రంకు వాడే నెత్తికెత్తుకున్నాడు. మా గోడమీది అక్షరాల ముందునుంచే మా సామాను వాళ్ల భుజాలమీద స్టేషన్‌కు పోయింది.

రైలుపెట్టెలో సామాను సర్దాక వాడు మా ఆయన ముందు నిలబడ్డాడు. ఏదో అనాలని వచ్చినవాడిలా ఉన్నాడు. చివరికి, "టిఫిన్ డబ్బ కిటికీ దిక్కు పెట్టిన సార్" అన్నాడు. మా ఆయన వాడి భుజంమీద చెయ్యివేసి, వెంటనే తీసేశారు.

మెట్లెక్కుతున్న నాయినను చూశాక వాడికి తెలిసింది, ఆయన సాగనంపడానికి రాలేదని.

"ఉస్తాద్, నువ్వెక్కడికి?"

"బందరుకు."

వాడు చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పోవుడేంది? నిన్నెవరన్నరు పొమ్మని? నువ్వు మా ఊరోడివి. నిన్ను ఒక్క మాటన్న అన్నమా?"

"నన్ను అనలే. నా బిడ్డను అన్నరు గద."

"అక్కను గూడ అనలే ఉస్తాద్! సార్‌నే..." అని, మధ్యలో ఆగిపోయాడు. బండి కదిలేదాకా నాయిన చెయ్యి వదలలేదు. కదిలాక కొంతదూరం పక్కనే నడిచాడు. ఆడేటప్పుడు ఎవరికీ అందకుండా ఉరికే వాడు, ఆ రోజు ప్లాట్‌ఫారం సగంలోనే ఆగిపోయాడు.

మధ్యాహ్నానికే విజయవాడ వచ్చింది. రంగూన్‌కు వారాల తరబడి ఓడలో పోయిన మనిషి, "గప్పుడే దిగుడా?" అని అడిగాడు.

* * *

జూన్ చివర మా ఆయనను బందరులో ఒక బడికి వేశారు. ప్రసన్నను ఇంటికి దగ్గర్లోని బడిలో చేర్చాం. మా అత్తగారు నాయినకు ముందు వసారాలో మంచం వేయించింది. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. నాయిన ఏదైనా అడిగితే మాత్రం, "ఏమిటంటున్నారమ్మా మీ నాన్నగారు?" అని నావైపు చూసేది. తెలుగులో అన్నదాన్ని నేను మళ్లీ తెలుగులో చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆయన అడగడం తగ్గించాడు.

డోర్నకల్ వార్తలు పేపర్లో ముక్కలుగా వచ్చేవి. అరెస్టు చేశారని వచ్చిన పేర్లలో తుల్సీరాం పేరు ఒకనాడు కనపడింది. మా ఆయన ఆ పేపరు నాయినకు చదివి వినిపించారు. "దెబ్బలేమన్న తాకినయా?" అని అడిగాడు. అది రాయలేదన్నారు. ఉత్తరం రాద్దామంటే ఏ జైలో తెలియదు. పోదామంటే ఆ దారిన బండ్లు సరిగా నడవడం లేదు. నడిచినా, అక్కడికి వెళ్లి మా ఆయన ఏమని చెప్పుకుంటారు?

నాయినకు ఉన్న పని ఒక్కటే. పొద్దున ప్రసన్న చెయ్యి పట్టుకొని బడిదాకా తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం. దారిపొడవునా ఇద్దరూ మాట్లాడుకుంటూ వచ్చేవారు. బడి గేటు పక్కన పెద్ద పిల్లలు బంతి ఆడుతుంటే నాయిన కాసేపు నిలబడి చూసేవాడు. ఒకరోజు ఆగలేక, "అరేయ్, గట్ల కాదు, ఒడ్డుకు తియ్యి, ఒడ్డుకు!" అని కేకేశాడట. వాళ్లు ఆట ఆపి, ఆ మాటను ఒకరికొకరు అనుకుంటూ నవ్వారట. ఇది నాకు ఆయన చెప్పలేదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున ప్రసన్నకు జడ వేస్తున్నాను. నాయిన వసారాలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. పిల్ల నా చెవి దగ్గరికి వంగి, గుసగుసగానే, కానీ ఆయనకు వినపడేంతగా అంది:

"అమ్మా, తాతయ్యని బడికి రావద్దని చెప్పవా? అందరూ నవ్వుతున్నారు. నేను వెళ్లగలనుగా."

తాతయ్య అంది. డోర్నకల్‌లో తాతా అనేది. ‘చెప్పవా’, ‘వెళ్లగలనుగా’ అంది. ఎప్పుడు నేర్చుకుందో నేను గమనించలేదు. జడ నా చేతిలో అలాగే ఉండిపోయింది. పిల్లను కసరాలనుకున్నాను. బందరులో నోరు మూసుకొని తిరిగే నాకు ఆ హక్కు ఎక్కడిది? నాయిన దగ్గరికి వెళ్లాలనుకున్నాను. వెళ్లి ఏమనాలి?

నాయిన ఏమీ వినని వాడిలా, "తయారైనవా బిడ్డా?" అని పిలిచాడు. ఇద్దరూ బయలుదేరారు. నేను వీధి గుమ్మంలోంచి చూశాను. ముసురు పట్టి ఉంది. మలుపు దాకా చెయ్యి పట్టుకొని నడిచాడు. అక్కడ ఆగి, చెయ్యి వదిలేశాడు. ప్రసన్న ఒక్కసారి వెనక్కి చూసి, బడివైపు పరుగెత్తింది. ఆయన చినుకుల్లో అక్కడే నిలబడ్డాడు, పిల్ల గేటు దాటి లోపలికి వెళ్లేదాకా.

తిరిగొచ్చాక తువ్వాలు ఇచ్చాను.

"చిన్నపిల్ల నాయినా, తెల్వక అన్నది. మనసుల పెట్టుకోకు."

ఆయన తల తుడుచుకుంటూ నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఏమన్నదని? మంచిగనే అన్నది" అన్నాడు. "జల్దీ నేర్సుకున్నది."